నూట పదిహేడో దారం

సోగత్తూరులో పొద్దు వాలితే ఎవరి దారం వాళ్లు చుట్టుకుంటారు. పొద్దున ఇంట్లోంచి కాలు బయట పెట్టింది మొదలు మడమ వెనక సాగుతూ వచ్చే దారం అది. పట్టు పోగుకంటే సన్నం, అయినా తెగదు. సాయంత్రం కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, అరుగు మీద కూర్చుని కొస లాగితే చాలు, రోజంతా తిరిగిన దారి పొలం గట్టు మీంచీ అంగడి వీధిలోంచీ బస్సు రోడ్డు మీంచీ నడుచుకుంటూ ఇంటికొచ్చేస్తుంది. అంతా చుడితే పట్టుగూడంత ఉండ. దాన్ని ఎవరి సంచిలో వాళ్లు వేసుకుని, సంచిని దూలానికి తగిలించి, రాగిముద్ద తినడానికి లేస్తారు.

తమిళనాడు ధర్మపురి టౌను బస్సు కండక్టర్లకు ఈ ఊరివాళ్లంటే విసుగు. "సోగత్తూరోళ్లు, దారం టైరుకు చుట్టుకోకుండా చూసుకోండప్పా" అని ప్రతి స్టాపులోనూ అరవాలి వాళ్లు. అంతకు మించి ఆ దారం గురించి మాట్లాడే వాళ్లు లేరు. అందరికీ తెలిసిన సంగతులు మూడే. పిల్లలకు మొదటి అడుగు వేసిన నాడు దారం మొదలవుతుంది, ఏడేళ్లు వచ్చేదాకా తల్లి చుట్టిపెడుతుంది. దారిలో వేరేవాళ్ల దారం అడ్డమొస్తే దాటుకుని పోవాలి. ఎవరి ఉండ వాళ్లే విప్పాలి, ఇంకొకరి ఉండ విప్పడమంటే వాళ్లింట్లో పెట్టె తెరిచినంత తప్పు.

ఊరి చివర పెంకుటింటి అరుగు మీద మునివెంకటమ్మ తన దారం చుట్టుకునేది. డెబ్భై ఏళ్ల మనిషి. ముప్పై ఏళ్లు పట్టు తీసే బట్టీలో, మరిగే నీళ్ల ముందు కూర్చున్న చేతులు ఆమెవి. నీళ్లలో తేలే గూళ్ల నుంచి కంటికి కనబడని కొసను వేలి మొనతో పట్టేసేది. కళ్లు మూసుకుని ముట్టుకుంటే చాలు, ఏ దారం ఎవరిదో చెప్పగలదు. చెప్పదు, అది వేరే సంగతి.

ఆమె పక్కనే మనవరాలు కలైవాణి, కూతురి కూతురు. అమ్మా నాన్నా బెంగుళూరుకు కట్టడం పనికి పోయి అక్కడే ఉండిపోతే అవ్వే పెంచింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. అన్ని రోజుల ఉండలూ సంచిలో వేస్తుంది గానీ, శుక్రవారం ఉండ మాత్రం బియ్యం డబ్బాలో దాస్తుంది. అవ్వ చూస్తుంది, అడగదు.

దాచక ఏం చేస్తుంది పాపం. మేనమామ చంద్రప్ప కొడుకు కార్తితో దానికి పెళ్లయి మూడేళ్లు. చంద్రప్ప మునివెంకటమ్మకు ఒక్కగానొక్క కొడుకు. అతని పెళ్లాం పంచవర్ణం పట్టుపురుగుల పెంపకంలో ఊరికే పెద్దదిక్కు. ఆమె పురుగుల ఇంటి గడప దగ్గర సున్నపు నీళ్ల తొట్టి ఉంటుంది, అందులో కాళ్లు ముంచి కడగనిదే కట్టుకున్న మొగుణ్ణయినా లోపలికి రానివ్వదు. కిందటేడు వైకాసి నెలలో, రేపో మాపో గూళ్లు కట్టాల్సిన పురుగులన్నీ రెండే రోజుల్లో పాలు కారి మెత్తబడి చచ్చిపోయినాయి. కోడలు కాళ్లు కడక్కుండా లోపలికి పోయిందని పంచవర్ణం, కడిగినానని కలైవాణి. మాట మీద మాట పెరిగింది. కోపం చల్లారేదాకా వేరుగా ఉండమని ఊరి పెద్దలు చెప్పినారు. ఆ సాయంత్రమే మునివెంకటమ్మ తన సంచి దూలం నుంచి దించుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, కొడుకు ఇల్లు వదిలి ఈ పెంకుటింటికి వచ్చేసింది.

కోపం చల్లారలేదు. పంచవర్ణం పాలకోడులో కొడుక్కు ఇంకో పిల్లను చూసింది. దానికి ముందు తెంపాల్సింది ఒకటుంది. పెళ్లిలో పెద్దలు పిల్ల దారం కొస, పిల్లవాడి దారం కొస కలిపి మెలిపెట్టి, పసుపు గుడ్డలో కట్టి దేవుని గూట్లో పెడతారు. విడిపోవాలంటే ఆ మెలికను ఊరందరి ముందు అడకత్తెరతో కత్తిరించాలి. ఆవణి నెల చివరి ఆదివారం కత్తిరించాలని నిర్ణయం చేసినారు.

ఇక కార్తి సంగతి. ఇరవై ఎనిమిదేళ్లు, మల్బరీ తోటలో ఇద్దరి పని ఒక్కడే చేస్తాడు, వాళ్లమ్మ ఎదురుగా మాత్రం నాలుక మడతపడిపోతుంది. కలైవాణి తీర్థమలై కొండగుడికి తొమ్మిది శుక్రవారాల మొక్కు అని చెప్పి బస్సెక్కేది, ఆ తొమ్మిది ఇప్పటికి ఇరవై దాటినాయి. అదే బస్సుకు కార్తి మల్బరీ కట్టెలు చూడను అరూరు పోతున్నానని బయల్దేరేవాడు. కొండ కింద సత్రంలో మొగుడూ పెళ్లాం అని ఉన్న నిజమే రాసి గది తీసుకునేవాళ్లు. కట్టుకున్న మొగుణ్ణి దొంగతనంగా కలుసుకోవడంలో ఏం మజా ఉందో ఏమో, ఇద్దరికీ పెళ్లినాడు లేని సిగ్గు ఇప్పుడొచ్చింది.

రెండో నెల కూడా తప్పిందని కలైవాణి లెక్క చూసుకుని పది రోజులైంది. ఎవ్వరికీ చెప్పలేదు. కార్తికి అసలే చెప్పలేదు. చెప్తే వాళ్లమ్మ ముందు బిడ్డను అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. అట్ల కాదు, తన కోసం, తన ఒక్కదాని కోసం నోరు తెరవాలి. అది వినాలని దాని ప్రాణం కొట్టుకుంటోంది. కిందటి శుక్రవారం కొండ మెట్ల మీద అడిగింది.

"కత్తిరించే ఆదివారం లోపల అత్తకు చెప్తావా బావా?"

"చెప్తాను."

"ఏమని?"

"ఏదో ఒకటి చెప్తాలే కలై, చూస్తాను."

చూస్తాననే మాట ఎంత దూరం పోతుందో ఆ పిల్లకు తెలుసు. కడుపులో మాట కడుపులోనే పెట్టుకుని బస్సెక్కింది.

అదే శుక్రవారం అదే కొండ మీద, బెంగుళూరులో పనిచేసే మణికండన్ గుండు కొట్టించుకుని మొక్కు తీర్చుకున్నాడు. అతనూ సోగత్తూరువాడే. ఇంటికొచ్చి రెండు రోజులు అందరి అరుగుల మీదా కూర్చుని కబుర్లు చెప్పినాడు, మూడోనాడు జ్వరంతో ఆస్పత్రికి పోయినాడు. పన్నిక్కాచ్చల్ అని తేలింది. ఆ ఏడు, రెండువేల తొమ్మిదిలో, ఆ పందిజ్వరం పేరు చెప్తేనే బస్సులో పక్క సీటు ఖాళీ అయిపోయేది. ఊరి మొగన సవుకు కర్రలు అడ్డం కట్టి, లోపలివాళ్లు బయటికి పోకూడదన్నారు.

మంగళవారం పొద్దున జయప్రకాశ్ దిగినాడు. జ్వరం ఎవరి నుంచి ఎవరికి పాకిందో కనిపెట్టడానికి ఏదో కంప్యూటర్ కంపెనీ పంపిన మనిషి. ఆ కంపెనీ పేరు చెప్పబోతే ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. అతనికి ముప్పై ఏళ్లుంటాయి, హొసూరు వైపు తెలుగువాడు, జేబులో మూడు పెన్నులు. బడి వరండాలో బల్ల వేసుకుని, లాప్‌టాప్ తెరిచి, దాని పక్కన కుట్టుమిషనంత యంత్రం ఒకటి పెట్టినాడు. ఒక పక్క ఉండ పెడితే యంత్రం దాన్ని విప్పి ఇంకో పక్క చుడుతుంది. మధ్యలో చిన్న కన్ను ఒకటి, ఆ దారం ఎక్కడెక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎవరెవరి దారానికి రాసుకుంది, అంతా చదివేస్తుంది.

"మూడు వారాల ఉండలు ఇయ్యండి, చాలు. మణికండన్ దారం ఎవరికి తగిలిందో పట్టేస్తాను. ప్రాణాలు కాపాడే పని ఇది" అన్నాడు.

ఊరు ఊరంతా సంచులు దించుకుని పరిగెత్తింది. ఎవరి ఉండ వాళ్లే విప్పాలన్న సంగతి ఒక్కరికి గుర్తుంటే ఒట్టు. తెర మీద ఊరి పటం, దాని మీద రంగురంగుల గీతలు. తన గీత ఏదో చూపించమని ఒకరు, తన గీత ఎర్ర రంగులో కావాలని ఒకరు. జయప్రకాశ్‌కూ హుషారొచ్చి పెద్ద తెర తెప్పించి గోడకు తగిలించినాడు. సినిమా కొట్టాయికి కూడా అంత జనం ఎప్పుడూ పోలేదు.

ఆ సంబరం మధ్యాహ్నం దాకా సాగింది. ఊరి పెద్ద ఎల్లప్పన్, మురుగన్ స్వామికి మొక్కుకుని నలభై ఎనిమిది రోజులు మాంసం ముట్టనని మాల వేసుకుని ఉన్నాడు. ఆయన గీత ధర్మపురి బస్టాండు వెనక బిర్యానీ అంగట్లోకి ఏడుసార్లు పోయి వచ్చింది.

"టీ తాగను పోయినాను" అన్నాడు ఎల్లప్పన్.

"ఏడు టీలకూ ముప్పావు గంట ముప్పావు గంట కూర్చున్నావే" అంది ఆయన పెళ్లాం, తెర మీద గంటలు చూస్తూ.

జనం కడుపులు పట్టుకుని నవ్వినారు. తరువాత చంద్రప్ప గీత వచ్చింది. రోజూ తోటకు పోయే దారిలో అది ఊరి చివరికి తిరిగి, పెంకుటింటి వెనక గోడ దగ్గర అయిదు నిమిషాలు ఆగి, మళ్లీ వెనక్కి వచ్చేది. ఏమిటికని ఎవరో అడిగినారు. చంద్రప్ప తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "మాయమ్మ దగ్గు ఎట్లుందో విని వస్తాను" అన్నాడు. పెళ్లానికి తెలియకుండా, తల్లికీ తెలియకుండా ఏడాదికి పైగా విని వస్తున్నాడు. ఆ తరువాత నవ్వినవాళ్లు లేరు.

ఇంట్లో కలైవాణి బియ్యం డబ్బా ముందు కూర్చుని ఉంది.

"కొండ మెట్ల మీద మణికండన్ పక్కనుంచే పోయినాను అవ్వా. ఈ ఉండ ఇయ్యకుంటే తప్పు, ఇస్తే అంతా బయటపడతాది."

మునివెంకటమ్మ డబ్బా మూత తీసింది. "ఒక తట్టలో రోగం దాస్తే పురుగుల ఇల్లంతా పోతాది, అది మనకు కొత్తా? రోగం దాచకూడదు. వాని దారం తగిలిందా లేదా, అదొక్కటి చెప్దువు పో. మిగతాది వాళ్లకేమిటికి?"

కలైవాణి పోయి ఆ ముక్కే అడిగింది. జయప్రకాశ్ తల ఊపినాడు, లేదన్నట్టు.

"అట్ల ఒక్క ముక్క చదివే వీలు లేదక్కా. మిషను కొస నుంచి కొస దాకా చదువుతాది. నువ్వు భయపడద్దు, బయటికి ఒక్క మాట పోదు."

తమ ఊరి రోగం తామే ఆపుకోవాలి కదా అనుకుని, ఉండ ఇచ్చేసింది. ఇంటికొచ్చి కార్తికి ఫోను చేద్దామని సెల్లు తీసింది. జయప్రకాశ్ అందరి నంబర్లూ రాసుకున్నాడు, ఫోనులో మాట్లాడేది కూడా ఆ పెట్టెలో పడుతుందని ఊళ్లో అనుకుంటున్నారు. మళ్లీ పెట్టేసింది.

గురువారం పొద్దున మైకు కట్టిన ఆటో వీధుల్లోకి వచ్చింది. జ్వరం తగిలి ఉండొచ్చు అన్న వాళ్ల జాబితా చదువుతున్నారు, పేరు, ఎక్కువసేపు నిలిచిన చోటు, గంటతో సహా. జాబితాలో ఉన్నవాళ్లు ఆదివారం దాకా ఇల్లు కదలకూడదు. బయటికి ఒక్క మాట పోదన్న మనిషి ఆటోలో ముందు సీట్లో కూర్చుని కాగితాలు అందిస్తున్నాడు.

"నలభై ఒకటి. కార్తి. తీర్థమలై సత్రం, శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు. నలభై రెండు. కలైవాణి. తీర్థమలై సత్రం, శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు."

మైకు మనిషి గుక్కెడు నీళ్లు తాగడానికి ఆగినాడు. ఆ ఆగిన కాస్తలో ఊరంతా అర్థం చేసుకుంది. పంచవర్ణం పురుగుల ఇంటి ముందు సున్నం కలుపుతున్నదల్లా చెయ్యి ఆపేసింది. పెంకుటింట్లో కలైవాణికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా అక్కడితో పోలేదు.

"నూట పదిహేడు. పేరు తెలియదు. మూడు వారాలుగా కలైవాణి వెంబడి ఒక్క క్షణం వదలకుండా ఉన్న మనిషి. ఊళ్లో ఎవరి దారంతోనూ కలవడం లేదు. ఆ మనిషి తనంతట తాను బయటికి రావాలి. దొరికేదాకా ఊరి కంచె తీయరు."

కలైవాణి చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి పోయింది. అడుగు వేసిననాడే కదా దారం మొదలయ్యేది. సోగత్తూరులో పుట్టిన ఏ తల్లీ అంతకు ముందు వెతికి ఉండదు, వెతికితే కనపడేంత లావూ కాదు. ఆ యంత్రం కంటికి కనపడింది. అది చూసింది గానీ చూసిందేమిటో దానికి తెలియలేదు, ఊరికీ తెలియలేదు.

ఇక చూడాలి ఊరి తీరు. నూట పదిహేడు ఎవరు? సత్రం వాడా, బస్సు కండక్టరా, గాజులమ్మే వాడా? తలకొక పేరు చెప్పినారు. జయప్రకాశ్ కాలు నేల మీద ఆగలేదు. ఇంటింటికీ తిరిగి కొత్త మనుషుల్ని ఎవరైనా చూసినారా అని అడిగి, తాను కనిపెట్టిన గుర్తులు చెప్పేవాడు. "మనిషి బరువు ఉన్నట్టే లేదు. అడుగు నేల మీద పడనే పడదు. ఆమె కూర్చుంటే కూర్చుంటాడు, లేస్తే లేస్తాడు. నా సర్వీసులో ఇంత గట్టి ఆసామిని చూడలేదు." ఆ గుర్తులు విని జనం ఇళ్లకు గొళ్లేలు పెట్టుకున్నారు.

నవ్వులాటగా మొదలైంది నవ్వులాటగా మిగల్లేదు. ప్రతి ఇంట్లోనూ వెదురు చంద్రికల తట్టల నిండా గూళ్లు తయారుగా ఉన్నాయి. మంగళవారం లోపల ధర్మపురి పట్టుగూళ్ల అంగడికి చేరకపోతే లోపలి పురుగు సీతాకోకచిలకై గూడు తొలుచుకుని బయటికి వస్తుంది. బెజ్జం పడిన గూట్లోంచి పట్టు రాదు, నెల రోజుల కష్టం చెత్తలో పోయాలి. ఆ పిల్ల ఒక్క పేరు చెప్తే పోదా, ఎవణ్ణి కాపాడుతోంది అని గొణుగుడు మొదలైంది.

శనివారం మధ్యాహ్నం మునివెంకటమ్మ బడి వరండాకు పోయి, "ఆ ఉండ ఒక్కసారి ముట్టుకుంటాను, నాయనా" అంది. జయప్రకాశ్ ఇచ్చినాడు. ఆమె కళ్లు మూసుకుని వేలి మొనతో కొస వెతికింది. మనవరాలి దారం తెలిసిందే. దానికి మెలిపడి ఇంకొకటి, వెంట్రుకలో సగం లేదు. దుమ్ము లేదు, ఎండ తగల్లేదు, నేల తాకలేదు. గూట్లోంచి అప్పుడే తీసిన మొదటి పోగులాగా వెచ్చగా ఉంది. ముసలామె ఉండ తిరిగి ఇచ్చేసి ఇంటికి నడిచింది.

"ఎన్నో నెల?" అని అడిగింది గడపలోంచే.

కలైవాణి తల దించుకుంది. "రెండు దాటినాయి."

"వానికి తెలుసునా?"

"తెలీదు. తెలియకూడదు అవ్వా, బావ నోరు తెరిచేదాకా తెలియకూడదు. మైకులో విని, ఊరంతా అని, దానికోసం నన్ను పిలుచుకుంటే నేనెట్ల బతికేది? జన్మంతా అనుమానమే కదా, నాకోసమా కాదా అని." ఆ పిల్ల తల ఎత్తింది. "రేపు వాళ్లు ఆ మెలిక కత్తిరిస్తే కత్తిరించనీ. అడుక్కోను."

మునివెంకటమ్మ వచ్చిన దారినే మళ్లీ బడికి పోయింది.

"ఆ నూట పదిహేడును తీసెయ్యి నాయనా. రోగం లేదు, నా పూచీ."

"తీసే బటన్ లేదవ్వా ఇందులో. ఎక్కిందంటే ఎక్కినట్టే" అన్నాడు జయప్రకాశ్. ఆ మాట అంటూ తెర వైపు తిరిగిపోయినాడు, ముసలామె కళ్లలోకి చూడలేదు.

ఆదివారం పొద్దున బడి మైదానంలో ఊరంతా చేరింది, మనిషికీ మనిషికీ బారెడు దూరం, మూతులకు గుడ్డలు. జాబితాలో నూట పదహారు మందికీ గడువు ముగిసింది. ఒక్కరికీ జ్వరం రాలేదు. మణికండన్ కూడా ఆస్పత్రిలో లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నాడట. మిగిలింది ఒక్క నూట పదిహేడు.

ఎల్లప్పన్ గొంతు సవరించుకున్నాడు. బిర్యానీ సంగతి తరువాత ఆయన గొంతులో పెద్దరికం కొంచెం తగ్గి ఉంది.

"కలైవాణీ, ఊరి గూళ్లన్నీ నీ మాట మీద ఉండాయి. ఆ మనిషెవరో చెప్పమ్మా."

"చెప్పాల్సినవాళ్లకు చెప్తాను, పెద్దాయనా. మైకులో చెప్పను."

పంచవర్ణం లేచింది. ఒక చేతిలో పసుపు గుడ్డ, ఒక చేతిలో అడకత్తెర. "విన్నారు కదా. ఇంకా ఏమిటికి ఆలస్యం? కత్తిరించెయ్యండి. నా కొడుకును కొండల మీద తిప్పుకుంటా, ఇంకొకణ్ణి వెంట పెట్టుకుని తిరిగింది. ఆ మనిషెవరో దానికే తెలియాల."

గుడ్డ విప్పింది. లోపల మెలికపడిన రెండు కొసలు, ఏ కొస ఎవరిదో తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి. ఎల్లప్పన్ అడకత్తెర అందుకున్నాడు. కలైవాణి కార్తి వైపు చూడకూడదు అనుకుంది, చూసింది. అతను మూడు రోజులుగా పురుగుల ఇంట్లో ఒంటరిగా ఉండి, గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఉన్నాడు. నేల వైపు చూస్తున్నాడు. ఇంక అయిపోయిందనుకుంది ఆ పిల్ల.

అడకత్తెర నోరు తెరుచుకుంది.

"ఆ నూట పదిహేడు నేనే" అన్నాడు కార్తి.

జయప్రకాశ్ తెర వైపు చూసి, "నువ్వు నలభై ఒకటి కదా. ఆ దారం నీది కాదు, మిషను చెప్తాంది" అన్నాడు.

"సరి, నాది కాదు." కార్తి నడిచి వచ్చి ఎల్లప్పన్ చేతి కింద తన చెయ్యి పెట్టినాడు, మెలికకూ అడకత్తెరకూ మధ్యన. "ఎవరిదైనా కానీ. మూడు దినాలు అదే ఆలోచించినాను. ఎవరని నేను అడగను. తనకు చెప్పాలనిపిస్తే తనే విప్పి చెప్తాది, చెప్పకుంటే వద్దు. ఆ మనిషి ఎవరయినా సరే, నాకు కలై కావాల. అమ్మా, ఆ రోజు అది కాళ్లు కడిగింది. నేను చూసినాను. కడక్కుండా పోయింది నేను. ఆకు మోపు మోసుకుని ఆత్రంగా లోపలికి పోయినాను. నీకు చెప్పను భయపడి ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. కత్తిరించాలంటే నా వేలు కత్తిరించండి."

ఎల్లప్పన్ అడకత్తెర మూసేసినాడు. పంచవర్ణం పసుపు గుడ్డను మళ్లీ మడిచింది. చంద్రప్ప కొడుకు వైపు చూసి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

కలైవాణి లేచి నేరుగా జయప్రకాశ్ బల్ల దగ్గరికి పోయి, యంత్రంలోంచి తన ఉండ తీసుకుంది. అతను అడ్డం చెప్పలేదు. నిలబడిన చోటనే గోటితో మెల్లగా రెండో పోగును వేరు చేసి, కార్తి దగ్గరికొచ్చి, అతని అరచేతిలో పెట్టింది.

"పట్టుకో బావా. గట్టిగా లాగద్దు."

కార్తికి మొదట ఏమీ కనపడలేదు. తరువాత అరచేతిలో వెచ్చదనం తగిలింది. ఆ తరువాత దారం అటునుంచి మెల్లగా లాగింది, ఒకసారి, ఇంకోసారి. ఎక్కణ్ణుంచి లాగుతోందో అని కళ్లతో వెతుక్కుంటూ పోయి, కొస ఎక్కడికి చేరుతోందో చూసి, అట్లే మోకాళ్ల మీద కూలబడిపోయినాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో మూతి గుడ్డ వల్ల తెలియలేదు.

"ముందే చెప్పి ఉంటే..." అన్నాడు.

"చెప్పుంటే నువ్వు ఈ మాటలు అని ఉందువా?" అంది కలైవాణి.

తిరిగి బల్ల దగ్గరికి పోయి, జయప్రకాశ్ చెవిలో ఒక్క మాట చెప్పింది. అతని చెవులు ఎర్రబడినాయి. తెర వైపు తిరిగి, అవ్వతో లేదన్న బటన్ ఎక్కడుందో తడుముకోకుండానే నొక్కినాడు. నూట పదిహేడు మాయమైంది. ఆపకుండా ఇంకో నాలుగుసార్లు నొక్కినాడు. సత్రం పోయింది, చంద్రప్ప గోడ పోయింది, ఎల్లప్పన్ బిర్యానీ పోయింది, గీతలన్నీ పోయి ఊరి పటం ఒక్కటి మిగిలింది. మైకు తీసుకుని లేచి నిలబడినాడు.

"నూట పదిహేడు దొరికినారు. జ్వరం లేదు. పేరు అవసరం లేదు. కంచె తీసెయ్యండి."

పేరు అవసరం లేదన్నా అర్థం కానంత అమాయకులు ఎవరున్నారు ఊళ్లో. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, మునివెంకటమ్మ నవ్వు చూసినారు. ఎవరూ పైకి అనలేదు. గూళ్ల బస్తాలు నెత్తికెత్తుకుని, కేకలేసుకుంటూ, పడుతూ లేస్తూ అంగడి బస్సుకు పరిగెత్తినారు.

మధ్యాహ్నం కలైవాణి అవ్వతో కలిసి మామ ఇంటి గడప ముందుకొచ్చింది. పంచవర్ణం సున్నపు నీళ్ల చెంబుతో ఎదురొచ్చింది. కలైవాణి చెంబు అందుకోబోతే ఇవ్వలేదు. ఆ మనిషి మోకాళ్లు మడుచుకుని గడప దగ్గర కూర్చుని, కోడలి కాళ్లు రెండూ తన చేత్తోనే కడిగింది. వేళ్ల సందుల్లో కూడా కడిగింది.

"ఈసారి నేనే కడిగినాను" అంది తల ఎత్తకుండా. "ఇంక ఎవరూ ఏమీ అనలేరు."

అవ్వ లోపలికి పోయి, తన సంచిని పాత చోటే దూలానికి తగిలించింది. చంద్రప్పకు ఆ రోజు గోడ పక్కన నిలబడే పని లేకపోయింది, నేరుగా తల్లి ఎదురుగా కూర్చుని దగ్గుకు మిరియాల కషాయం పోసినాడు.

పొద్దు వాలింది. అరుగు మీద అయిదుగురూ వరసగా కూర్చుని దారాలు చుట్టుకున్నారు. కలైవాణి తన ఉండ చుట్టి పక్కన పెట్టి, రెండోది మొదలుపెట్టింది. రాగిగింజంత అయింది ఆ ఉండ. కార్తి చిన్న గుడ్డసంచి ఒకటి కుట్టి తెచ్చి, ఏమీ అడగకుండా దూలానికి ఒక మేకు కొట్టినాడు.

పంచవర్ణం ఆగలేకపోయింది. "ఏదీ, ఒక్కసారి ఇట్లియ్యే. కొంచెం విప్పి చూస్తాను, ఆడో మగో."

కలైవాణి ఉండను సంచిలో వేసి మూతి బిగించింది.

"అది నాది కాదత్తా. చుట్టిపెట్టేదే నా పని."